కిరీటం మీది ఎర్రగుడ్డ

“మా నాయన కిరీటం పోయిందప్పా! సాయంత్రమే నాటకం. అది లేకుంటే ఆయన స్టేజీ ఎక్కడు!” భాగీరథి ఆయాసపడుతూ ఆదోనిలోని డిటెక్టివ్ గురురాజ గదిలోకి వచ్చింది.

1978లో ఎమ్మిగనూరు చుట్టుపక్కల దుర్యోధనుడంటే ఆమె తండ్రి వెంకోబారావే. నలభై ఏళ్ళుగా ఆడేదీ, ఆడించేదీ ఆయనే. ఇది ఆఖరి నాటకమని ఊళ్ళో దండోరా కూడా వేశారు. అసిస్టెంట్ మద్దయ్య అప్పుడే చెప్పులు తొడుక్కున్నాడు. ఆ పద్యాలకు వన్స్‌మోర్ అరిచి చిన్నప్పుడే గొంతు పోగొట్టుకున్నవాడు మరి!

ముగ్గురూ బస్సెక్కి ఎమ్మిగనూరులో వెంకోబారావు ఇల్లు చేరారు. పెట్టెలో కిరీటం లేదు. దాని మీద కప్పే ఎర్రగుడ్డ మాత్రం చక్కగా మడిచి ఉంది. గుడ్డ మీద పక్కపక్కనే రెండు నల్లటి మరకలు.

“పొద్దున ఈడికి ఎవరెవరు వచ్చినారమ్మా?” అన్నాడు గురురాజ.

“ముగ్గురే. నాటకం చూడను వచ్చిన ఆస్పరి కాంట్రాక్టర్ ఉచ్చీరప్ప కిరీటం అమ్ముతారా అని అడిగి, తిట్లు తిని పోయినాడు. హార్మోనిస్టు బజారి వచ్చి పెట్టె శ్రుతి చూసుకొని పోయినాడు. నాయన శిష్యుడు జయన్న ఫోటో దిగి, వేషంతోనే వచ్చి కాళ్ళు మొక్కి పోయినాడు.”

“ఇంకేముంది సార్, ఉచ్చీరప్పే!” మద్దయ్య ఎగిరాడు.

“పప్పులో కాలేసినావు. అందర్నీ పిలువు పో.”

అరగంటలో అందరూ వసారాలో చేరారు. వెంకోబారావు గోడకు ఆనుకొని దిగాలుగా కూర్చున్నాడు. గురురాజ గుడ్డ పైకెత్తాడు.

“ఉచ్చీరప్ప లాంటి బేరగాడైతే కిరీటం పట్టుకొని పరిగెత్తేవాడు. ఈ దొంగ గుడ్డ తీసి, కళ్ళకద్దుకొని, మడిచిపెట్టి మరీ పోయినాడు. అది వేషగాళ్ళ ఆచారం. బజారికీ ఆ అలవాటుంది, కానీ ఆయన కళ్ళకు కాటుక లేదు. పొద్దున కాటుకతో వచ్చినవాడు ఒక్కడే.”

జయన్న భోరుమని గురువు కాళ్ళ మీద పడ్డాడు. “పై స్థాయి పద్యాలు పాడితే మీ గుండె ఆగిపోతాదని డాక్టరు నాకు సెప్పినాడు స్వామీ! మీకు సెప్తే యినరు. అందుకే ఎత్తుకపోయినా. మా దేవుని గూట్లోనే పెట్టినా.”

వెంకోబారావు కళ్ళు చెమర్చాయి. “తేపోరా,” అన్నాడు.

కిరీటం రాగానే కళ్ళకద్దుకొని, జయన్న తల మీదే పెట్టాడు.

“ఇరవై ఏండ్లు వికర్ణుని వేషంలో నా పక్కన నిలబడి నా పద్యాలన్నీ దొంగిలించినావు గదరా! ఈ పొద్దు అవన్నీ నువ్వే పాడల్ల.”

“మరి వికర్ణుడు, స్వామీ?”

“వాడొక్కడు లేకుంటే నూరుమంది కౌరవులకు వచ్చిన లోటేమీ లేదులే!”

సాయంత్రం జయన్న మొదటి పద్యం ముగించాడు. మద్దయ్య నోరు తెరిచేలోగానే ముందు వరుసలోంచి “వన్స్‌మోర్!” అని కేక లేచింది. అరిచింది వెంకోబారావు.