అవ్వ తోడు కూర్చున్న బడి

"నేను బడికి రాను... రానంటే రాను!" నాలుగేళ్ళ కామాక్షి ద్వారబంధం కరుచుకుని ఏడుస్తుంటే అవ్వ ఆదిశేషమ్మ గుండె చెరువైపోయింది. పిల్ల నిద్రపోతుండగా తల్లిని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారు... ఆమె మళ్ళీ తిరిగి రాలేదు! ఆనాటి నుంచి అవ్వ చెంగు వదలదు.

"నాట్లు మొదలైనాయమ్మా. ఇద్దరం మడిలో దిగితేగాని జరగదు. పిల్ల ఆ బాలవాడి బడిలోనన్నా ఉండకపోతే, మనుబోలులో వాళ్ళ మేనమామ ఇంట్లో దిగబెట్టి వస్తా," అన్నాడు కొడుకు మాల్యాద్రి, మొహం తిప్పుకుని.

ఆదిశేషమ్మ పిల్లను దగ్గరకు లాక్కుంది. అచ్చం కోడలి కళ్ళే ఆ పిల్లవి! అవి కూడా ఇల్లు దాటిపోతే...

బాలవాడి గుమ్మంలో పొరుగింటి ప్రమీలమ్మ చెవిలో గొణిగింది. "అత్తా, పిల్ల బొమ్మలు చూస్తా ఉంది. చప్పుడు చెయ్యకుండా జారుకో!"

ఆదిశేషమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసిందో లేదో, కామాక్షి గిరుక్కున తిరిగింది. ఆ కళ్ళలో ఏడుపు లేదు... అలవాటైపోయిన భయం!

"ఆగండి పెద్దమ్మా!" టీచరమ్మ నూర్జాన్ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి చాప వేసింది. "కొత్తకోడల్ని కాపరానికి పంపితే తోడుగా ఒక మనిషిని పంపరా? ఎదిగిన పిల్లకే తోడు కావాలంటే, ఈ పసిదేం పాపం చేసింది? మీరూ కూర్చోండి. పోయేనాడు చెప్పే పోదురు."

"ఆదిశేషమ్మ బళ్ళో చేరిందంటనే!" అని వీధిలో ఆడవాళ్ళు ఒకటే నవ్వు.

"చేరినానే! మీరూ రండే, మీ కోడళ్ళకు కాస్త ఊపిరాడుద్ది!" అనేసి సాగిపోయేది.

మొదట్లో కామాక్షి అవ్వ ఒళ్ళోనే కూర్చుని అందరినీ చూసేది. తర్వాత పక్కకు జరిగింది. ఒక చిన్నపిల్ల ఏమీ అడక్కుండానే తన చాపలో సగం చోటిచ్చింది. ఎవరు నేర్పారు తల్లీ నీకు! ఆదిశేషమ్మ కళ్ళు చెమర్చాయి.

ఒక పొద్దున ఇసుకలో గూడు కడుతూ కామాక్షి తలెత్తింది.

"ఇంకా పోలేదా అవ్వా? నాయన ఒక్కడే నాటేస్తున్నాడు గదా. పోయిరా. సందేళకు నువ్వే రావాల!"

ఆదిశేషమ్మ పిల్ల తల నిమిరింది. నూర్జాన్ చెయ్యందించి లేపింది.

గట్టు మీద తల్లిని చూసి మాల్యాద్రి చేతిలోని నారుకట్ట జారిపోయింది. "ఏడ్చిందా అమ్మా?"

"లేదురా!" ఏదో మహిమ కళ్ళారా చూసి వచ్చిన మనిషిలా నిలబడిపోయింది ఆదిశేషమ్మ. "నన్నే సాగనంపింది... ఇంత పసిపిల్ల!"