పంజా కింద ఖాళీ

చీకటి పడ్డాక ఆ గుడి గుమ్మం ముందు నుంచి పసిపిల్లలతో నడవకూడదని చెప్పుకునేవారు. గుమ్మానికి అటూ ఇటూ రెండు రాతి సింహాలు. నోరు తెరిచిన మగసింహం పంజా కింద బంతి... అది గుడికి కాపలా. నోరు మూసుకున్న ఆడసింహం పంజా కింద పిల్ల... అది పిల్లలకి కాపలా. అయితే ఆ రాతిపిల్ల ఎప్పుడో విరిగి పోయింది, పంజా గాల్లో మిగిలింది. అప్పట్నించీ ఆ తల్లి పిల్ల కోసం వెతుక్కుంటోందట.

బస్సు కండక్టరు ఇది విన్నప్పుడల్లా, "రాయి లేచి నడుస్తుందా అత్తయ్యా?" అని అత్తగారిని ఆటపట్టించేవాడు. నోరు పెద్దది లెండి. బస్సు వెనక నుంచి అరిస్తే ముందు సీటువాడికి నిద్ర వదిలేది.

ఓ రాత్రి అతని మూడేళ్ల కూతురికి ఒళ్లు పెనంలా కాలిపోయింది. భార్యేమో నైట్ డ్యూటీలో ఉంది. డాక్టరుండేది గుడి అవతల.

"చుట్టు తిరిగి వెళ్లు నాయనా," అంది అత్తగారు.

అంత టైమెక్కడిది? నడిస్తే కీచుమనే బూట్లు లేందే ఆ పిల్ల ఇల్లు కదలదు. అవి తొడిగి, భుజాన వేసుకుని పరుగెత్తాడు.

సింహాలు దాటాడో లేదో, వెనకాల... కీచ్.

ఆగాడు. అదీ ఆగింది. నడిచాడు — కీచ్... కీచ్...

కూతురి బూటు చప్పుడే. కానీ కూతురు భుజం మీదే ఉంది కదా! తడిమి చూశాడు. ఒక కాలికి బూటుంది. రెండోది ఉత్త కాలు.

పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరిగితే ఒట్టు. అంత నోరూ ఏమైపోయిందో, గుసగుసలాడాడు.

"తల్లీ... ఆ బూటు ఉంచేసుకో. నా పిల్లని మాత్రం వదిలెయ్... నాకున్నది ఇదొక్కతే."

డాక్టరు ఇంజెక్షను చేసి, "వేళకి తెచ్చావు," అన్నాడు. తర్వాత గుమ్మంలోకి చూసి, "ఆ కుక్క మీదేనా?" అన్నాడు.

వీధికుక్క. నోట్లో బూటు. కొరికినప్పుడల్లా కీచ్...

"దీనికా నేను దండాలు పెట్టింది," అని కండక్టరు తల కొట్టుకుని పడీపడీ నవ్వాడు.

తిరుగుదారిలో కుక్కే ముందు నడిచింది. ఆడసింహం పంజా కింది ఖాళీలోకి దూరి, బూటు పక్కన పడేసి పడుకుంది. కళ్లు తెరవని నాలుగు కూనలు పాలకి ఎగబడ్డాయి. బూటు తీసుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు కండక్టరు. ఇచ్చిన మాట మాటే.

కూతురికి చెమటపట్టి జ్వరం దిగుతోంది. కళ్లు విప్పింది.

"చూశావా బంగారూ, మన వెనకాల వచ్చింది ఈ కుక్కే," అన్నాడు, పోయిన గొంతు తిరిగొచ్చిన ధీమాతో.

వెళ్లేటప్పుడు దారంతా ఆ పిల్ల నాన్న భుజం మీంచి వెనక్కే చూస్తోంది మరి.

"అవును నాన్నా, కుక్క వచ్చింది," అంది నిద్రమత్తులో. చెయ్యి చాచి రాతిపంజాని నిమిరింది. "దాని వెనకాల... ఇది."