చివరి అధ్యాయానికి ఊ

ఎదురుగా ఊ కొట్టే మనిషి లేకపోతే నాకు చదవడం చేతకాదు. నలుగురు కూర్చుంటే చాలు, గొంతు దానంతటదే లేస్తుంది. దేవుడిచ్చిన గొంతు అనేవారు అందరూ. నేనూ నమ్మి, రోజూ ఆయనకు దణ్ణం పెట్టుకునేవాణ్ణి. ఆ గొంతుని నేనేం చేశానో చెబుతాను, వినండి.

మా పెద్దమ్మకి చూపు పోయి ఎనిమిదేళ్లు. ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. నాకు అక్షరాలు నేర్పిందీ ఆవిడే. మేడమీద ఒక గదిలో ఒంటరిగా ఉండేది. రోజూ సాయంత్రం ఆరింటికి వెళ్లి నవల చదివి వినిపించేవాణ్ణి. పేరా అయ్యాక ఆగితే "ఊ" అనేది. అనలేదంటే నిద్రపోయినట్టు. పుస్తకం మూసి, దుప్పటి కప్పి వచ్చేసేవాణ్ణి.

తరవాత ఒక కంపెనీవాళ్లు నా గొంతు అడిగారు. వారం రోజులు అద్దాల గదిలో కూర్చుని ఏవేవో వాక్యాలు చదివాను. ఇక నేను లేకపోయినా నా గొంతు ఏ పుస్తకమైనా చదివేస్తుందట. వాళ్లిచ్చిన చిన్న పెట్టెని పెద్దమ్మ మంచం పక్కన పెట్టాను. పేరా పేరాకీ ఆగి, ఊ అంటేనే ముందుకు వెళ్లేట్టు అమర్చాను. విన్న మాటల్ని అది దాచుకుంటుంది కూడా.

పెద్దమ్మ రెండు పేజీలు విని నవ్వింది. "ఇది దగ్గదు, నీళ్లు తాగదు, ఏడుపొచ్చే చోట తడబడదు. నీకంటే బుద్ధిమంతుడేరా."

నన్ను చదవమని పిలిచే సభలు పెరిగాయి. చప్పట్ల రుచి మరిగాను. పెద్దమ్మ దగ్గరికి వెళ్లడం వారానికోసారి అయింది. ఒక శనివారం వెళ్లేసరికి నవల చివరికొచ్చేసింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, చివరి అధ్యాయం మాత్రం నన్నే చదవమంది. ఆవేళ సభ ఉంది. రేపు తప్పకుండా వస్తానన్నాను. అడగకుండా ఆ అధ్యాయం మొదలుపెట్టొద్దని పెట్టెకి చెప్పి, మెట్లు దిగిపోయాను.

ఆదివారం వెళ్లలేదు. సోమవారం, మంగళవారం కూడా. బుధవారం తెల్లవారుజామున ఆవిడ పోయింది.

మళ్లీ శనివారం సాయంత్రం, గది ఖాళీ చెయ్యడానికి వెళ్లాను. బుధవారం వేసిన తాళం మళ్లీ తియ్యలేదంటూ ఇల్లుగలావిడ తాళంచెవి ఇచ్చింది. లోపల మందుల వాసన, పాత కాగితాల వాసన. గోడ గడియారం చప్పుడు. పరుపు చుట్టి గోడకి ఆనించారు. పెట్టె మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది. ఆవిడ గొంతు ఒక్కసారి వినాలనిపించి, అది దాచుకున్న మాటలు పెట్టాను.

ఆదివారం, ఆరు గంటలు. నా గొంతు అడిగింది. "చివరి అధ్యాయం చదవనా, పెద్దమ్మా?"

"వద్దు. వాడొస్తాడు."

సోమవారం అదే మాట. మంగళవారం కూడా. కళ్లు తుడుచుకుని ఆపబోయాను.

బుధవారం, ఆరు గంటలు. "వద్దు. వాడొస్తాడు."

గురువారం... ఆవిడ గొంతు ఇంకా దగ్గరగా ఉంది.

శుక్రవారం... "వాడొస్తాడు."

గడియారం ఆరు కొట్టింది. పెట్టె మళ్లీ అడగబోయింది. తీగ పట్టుకుని లాగేశాను. దీపం ఆరిపోయింది.

పారిపోవచ్చు. కానీ పారిపోయిన పాపమే కదా ఇదంతా. అలమరలోంచి నవల తీశాను. దేవుణ్ణి తలుచుకుని, కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని, చివరి అధ్యాయం మొదలుపెట్టాను. మొదటి పేరా అయింది. అలవాటుగా ఆగాను.

"ఊ."

తలెత్తలేదు. చదివాను. ఆగాను. "ఊ." మందుల వాసన దగ్గరకొచ్చింది. తడబడ్డాను... అయినా చదివాను. ఆఖరి వాక్యం అయిపోయింది. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని, క్షమించమన్నాను.

ఈసారి ఊ రాలేదు. విముక్తి దొరికిందనుకున్నాను.

అప్పుడు నా గొంతే అడిగింది. "ఇంకో పుస్తకం మొదలుపెట్టనా, పెద్దమ్మా?"

లాగేసిన తీగ నేలమీదే పడి ఉంది.

"నువ్వొద్దు." నా చెవి పక్కనే. "వాడొచ్చాడుగా."

ఒళ్లోకి చూశాను. మూసిన పుస్తకం తెరిచి ఉంది. మొదటి పేజీ... అది నేను చదివిన నవల కాదు.