సుమైతాంగి మీద దించిన మూట

పెన్నాగరంలో బస్సు దిగేసరికి పొద్దు పడమటికి వాలింది. మాదేశన్ మూట నెత్తికెత్తుకొని అడవి దారి పట్టినాడు. మైసూరు సీమలో ఊరూరా తిరిగి బావులు తవ్వి, ఎనిమిది నెలలకు ఇంటికి వస్తున్నాడు. కాళ్ళు ఆగుతాయా మరి? పెండ్లాం మారియమ్మకు ఈపాటికి నెలలు నిండి ఉంటాయి. పుట్టబోయే బిడ్డకని మైసూరు దారిలోని చన్నపట్నలో కొన్న గిలక్కాయ మూటలో అడుగడుక్కీ గలగలమంటూ ఉంది.

ఏనుగుల బాట మలుపులో ఆగిపోయినాడు. అక్కడ కొత్త సుమైతాంగి. రెండు నిలువు రాళ్ళు, పైన అడ్డబండ, దారిన పోయేవాళ్ళు బరువు దించుకోవడానికి. కానుపు కాకుండా కడుపుతోనే పోయిన ఆడదాని పేరున నిలబెడతారు దాన్ని. మాదేశన్ బావుల్లో బండ కొట్టే రాతిపనివాడు, చూడగానే తెలిసింది. ఉలిగాట్లు ఇంకా తెల్లగా ఉన్నాయి. పల్లెలో కడుపుతో ఉన్నది ఎవరు...

"వచ్చినావా?"

బండ పక్కన మారియమ్మ. నిండు కడుపు మీద చెయ్యి వేసుకొని నిలబడి ఉంది. అమ్మయ్య అనుకున్నాడు. లేనిపోని భయం పెట్టుకున్నందుకు తన్ను తానే తిట్టుకుంటూ మూట బండ మీద దించినాడు. ఎవరి పేరున నిలిపినారో తెలుసుకొని, ఆ పేరు తలుచుకొని దించాలి. ఆ సంబరంలో అది మరిచినాడు, పిచ్చి మారాజు.

"ఈ కడుపుతో ఇంత దూరం ఎందుకొచ్చినావే?"

"మోయలేకున్నాను," అంది గుసగుసగా. "నువ్వు మోస్తావా?"

"నేను గాక ఇంకెవరు మోస్తారు? పద."

మూట ఎత్తుకున్నాడు. ఇందాకటి కంటే బరువుగా ఉంది. అలసట అనుకున్నాడు. నాలుగు అడుగులు వేసినాడు. వెనక అడుగుల చప్పుడు లేదు... తిరిగి చూస్తే బాట ఖాళీ. పసుపు వాసన. దాని వెంటే పచ్చి పురిటి వాసన. పరుగెత్తినాడు.

గుడిసె ముందు తల్లి మునియమ్మ ఒక్కతే కూర్చొని ఉంది. కొడుకును చూడగానే గొల్లుమంది.

"మారియమ్మ పోయి పదకొండు దినాలాయె నాయనా. నువ్వు ఏ ఊర్లో ఉన్నావని కబురు చేసేది? బిడ్డ అడ్డం తిరిగింది. బయటికి రానేలేదు..."

మాదేశన్ మూట దించబోయినాడు. చేతులు మూటను వదిలి రాలేదు. నెత్తి మీద తడి తగిలింది. వెచ్చగా...

"ఏముందిరా దాంట్లో?" అంది తల్లి మెల్లగా.

అతను కదలకుండా నిలబడి ఉన్నాడు. గాలి కూడా లేదు. మూట లోపల గిలక్కాయ మోగింది. కాసేపు ఆగింది. మళ్ళీ మోగింది.