అసాదో గ్రూపుకు అన్ని తలుపులూ బార్లా

"కూర్చో వాల్డెమార్. ఎల్బియో ప్రాణం మీదికొచ్చింది."

చీఫ్ ఇర్మా ఓయార్బిదెకు డొంకతిరుగుడు మాటలు చేతకావు. మోంటెవిడియో పాతబస్తీలో, బోర్డు మీద కస్టమ్స్ సలహాదారులని రాసి ఉన్న గూఢచారి బ్యూరో భవనంలో పై అంతస్తు ఆమెది. ఏజెంట్ వాల్డెమార్ ఇరిగోయ్‌తీ చంకలోని ఫ్లాస్కు తీసి టేబుల్ మీద పెట్టి, ఆమె తోసిన కాగితం అందుకున్నాడు.

"నీళ్లు మరిగిపోయాయి."

మరిగిన నీళ్లు పోస్తే, టీలా తాగే మాతే ఆకు మాడి చేదెక్కుతుందని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. బ్యూరో కోడ్‌లో దాని అర్థం ఒక్కటే: నన్ను చంపబోతున్నారు. కింద ఇంకో వాక్యం ఉంది. "ఈ సాయంత్రం ఆరుకు నా అసలు పేరు మీ ఇంట్లోంచే వస్తుందట. ఇక్కడ షాంపేన్ చల్లబెడుతున్నారు."

దక్షిణ రేవుల రహస్యాలను అమ్ముకునే మార్లిన్ ముఠాలో ఎల్బియో మూడేళ్లుగా దొంగపేరుతో బతుకుతున్నాడు. వాల్డెమార్ కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఒళ్లో ఎత్తుకున్నవాడు అతనే.

"అసలు పేరు ఎక్కడుంది మేడమ్?"

"ఒకే ఒక్క ఫైల్లో. తెరిచే పర్మిషన్ నాకూ, చనిపోయిన డిప్యూటీ పెరాల్తాకూ. అంతే."

"ఆరింటికి ఏముంది?"

"పాత డాక్యుమెంట్ల ప్లాట్‌ఫారం మూసి కొత్తది తెరుస్తున్నాం. ఫైళ్లూ, పర్మిషన్లూ అన్నీ అందులోకి వెళతాయి."

"ఆ ఫైలు చెరిపేయండి!"

"నాకు చదివే హక్కే ఉంది. యజమాని పెరాల్తా."

"పెరాల్తా పోయాడు కదా!"

"పోయాడు. యజమానిగా మాత్రం ఉన్నాడు."

"పోనీ, మొత్తం ఆపించండి."

"మంత్రిగారి సంతకం కావాలి. ఆయన బీచ్‌లో ఉన్నారు. ఫోన్ ఒడ్డున పెట్టి నీళ్లలో దిగారట."

వాల్డెమార్‌కు ఒళ్లు మండిపోయింది. పారాచూట్‌తో దూకడం నేర్చుకున్నాడు. పాదిరీగా, పడవ సరంగుగా వేషాలు కట్టాడు. ఉంగరంలో కెమెరా పెట్టుకుని రాయబారుల విందుల్లో తిరిగాడు. ఇప్పుడు స్నేహితుణ్ణి చంపబోయేది తుపాకీ కాదు, ఎవరో ఎప్పుడో టిక్కు పెట్టి మరిచిపోయిన ఒక గడి. దాన్ని కాల్చడం ఎలాగో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

రెండేసి మెట్లు దిగుతూ సిస్టమ్స్ గదికి పరుగెత్తాడు. సిస్టమ్స్ అధికారి గ్లాడిస్ అతని మొహం చూసి స్క్రీన్ తిప్పింది.

"ఫైలున్న ఫోల్డర్ ఆపరేషన్స్ గ్రూపుది. అందులో ఎవరెవరున్నారు?" అన్నాడు.

"ఒక్కరే."

"ఒక్కరా? మేమంతా ఏమయ్యాం?"

"ఒక్కరంటే మనిషి కాదు వాల్డో. లోపల ఇంకో గ్రూపు. ఇదిగో."

నొక్కింది. తెరుచుకున్న గ్రూపు పేరు: అసాదో.

వాల్డెమార్ తల పట్టుకున్నాడు. శుక్రవారం శుక్రవారం పెరట్లో కట్టెల నిప్పు మీద మాంసం కాల్చుకు తినేవాళ్ల గ్రూపు అది. ఎవరు సలాడ్ తేవాలో, ఎవరు వైన్ తేవాలో చెప్పుకోవడానికీ, ఫోటోలు పెట్టుకోవడానికీ. పెరాల్తా ఈ ఏర్పాటు చేసిన రోజుల్లో ఆపరేషన్స్ వాళ్లూ అసాదో తినేవాళ్లూ ఒకరే. మళ్లీ ఇంకో గ్రూపు ఎందుకు దండగ అని, ఆ గ్రూపునే ఆపరేషన్స్‌లో పడేసి మహానుభావుడు భోజనానికి వెళ్లిపోయాడు.

"ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?"

"నలభై దాటారు. మాంసం కాల్చే నెల్సన్ సంగతి తెలుసుగా. తన చేతి ముక్క తిన్నవాడినల్లా చేర్చేస్తాడు. రిటైరైనవాళ్లు, మేడమ్ అల్లుడు, మార్కెట్‌లో మాంసం కొట్టతను..."

"మాంసం కొట్టతనికి మన ఫైళ్లు కనిపిస్తాయా?"

"పాపం, తన ఫోటో బాగా వచ్చిందా లేదా అని తప్ప ఇంకేమీ చూడలేదులే."

"నవ్వకు గ్లాడిస్!"

"నవ్వట్లేదు, ఏడవలేక... విను. పాతదాంట్లో రెండు రకాల ఆర్డర్లున్నాయి. రానివ్వు, రానివ్వకు. ఈ గ్రూపును ఫోల్డర్‌లోకి రానివ్వు అన్నాడు పెరాల్తా. ఆ ఒక్క ఫైలు దగ్గర మాత్రం రానివ్వకు అని అడ్డుపెట్టాడు. ఇన్నాళ్లూ అదే కాపాడింది."

"కొత్తదాంట్లో?"

"కొత్తదానికి రానివ్వు ఒక్కటే వచ్చు. రానివ్వకు అన్నది దారిలోనే రాలిపోతుంది. ఆరు కొట్టగానే గ్రూపులో ఉన్నవాళ్లందరికీ ఆ ఫైలు కనిపిస్తుంది."

"ఈ సంగతి ముందే తెలుసా మీకు?"

"కంపెనీ వాళ్లు డెమోలో చెప్పారట. మనవాళ్లంతా కునుకు తీశారు. నేనూ తీశాను. ముందు వరసలో కూర్చున్న ఒక్కామె మాత్రం ఇదే ప్రశ్న రెండుసార్లు అడిగింది. ఇందాకే రికార్డింగ్ చూశా."

"ఎవరు?"

"రెనాటా విల్యాల్బా."

మిత్రదేశపు గూఢచారి శాఖ నుంచి సహకారం కోసమని వచ్చిన రెనాటా. పచ్చ పట్టు స్కార్ఫు, సన్నటి నవ్వు. ఆమె లిఫ్టు దిగిపోయాక కూడా అత్తరు వాసన కోసం అందులో పైకీ కిందికీ తిరిగేవాళ్లున్నారు ఆ ఆఫీసులో. ఒక శుక్రవారం భోజనానికి వచ్చింది. నెల్సన్ గ్రూపులో చేర్చేశాడు.

"అరెస్టు చేద్దాం."

"ఏం లాభం? ఆమె లాగిన్ ఇప్పుడు రెండు ఊళ్లలో తెరిచి ఉంది. ఒకటి మన పెరట్లో. రెండోది సముద్రం అవతల, ముఠా చేతుల్లో."

"అయితే గ్రూపులోంచి తీసెయ్!"

"ఈ మార్పిడి అయ్యేదాకా ఏమీ మార్చకుండా మా అడ్మిన్లందరినీ పొద్దుటి నుంచి ఫ్రీజ్ చేశారు. గ్రూపు యజమానుల్ని మాత్రం మరిచిపోయారు. ఆ గ్రూపు నెల్సన్‌ది. ఫోన్ చేస్తూనే ఉన్నా. నిప్పు దగ్గరుంటే దేవుడు చేసినా ఎత్తడు."

పెరట్లో గాలికి పొగ అటూ ఇటూ ఊగుతోంది. పొయ్యి ముందు నెల్సన్ ఏప్రన్ కట్టుకుని, ఎర్రటి బొగ్గులను పక్కటెముకల కిందికి కొంచెం కొంచెంగా లాగుతున్నాడు. బ్యూరో ఆయుధాగారం అతనిదే. ఏళ్ల తరబడి తుపాకులు పేల్చి పేల్చి చెవులు సగం పోయాయి. అతని పక్కనే రెనాటా, ఒక చేతిలో వైన్, ఒక చేతిలో ఫోన్.

"నెల్సన్ అన్నా, ఒక్క నిమిషం ఇటు రా."

"ఏంటీ?"

"పక్కకి రమ్మంటున్నా!"

"నిప్పు వదిలేసి వస్తానా? మతి పోయిందా నీకు? అక్కణ్నుంచే చెప్పు, గట్టిగా!"

గట్టిగా ఏం చెబుతాడు? రెనాటా నవ్వుతూ చూస్తోంది.

"ఏమిటి సెన్యోర్, అంత కంగారు? ఆకలా?"

"కొందరికి తొందరగా వడ్డించాలనుంది సెన్యోరా."

"నాకు తొందరలేదు. ఇంకొంచెంసేపట్లో అన్నీ వాటంతటవే అందుతాయి."

వాల్డెమార్ పళ్లు నూరి, నెల్సన్ చెవి దగ్గర నోరు పెట్టి, గ్రూపులోంచి ఈవిడను తీసెయ్ అన్నాడు.

"ఎవర్ని? రెనాటానా?" నెల్సన్ కేక పెరడంతా వినిపించింది. "నా చేతి ముక్క తిన్న మనిషిని గెంటేయమంటావా? సిగ్గులేదూ? ఆడమనిషి ముందు నా పరువు తీయడానికి వచ్చావా?"

రెనాటా నవ్వు ఆగింది. ఫోన్‌లో ఏదో టైపు చేయసాగింది. రుజువులు చూపించి నెల్సన్‌ను ఒప్పించాలంటే గంట పడుతుంది. గంట లేదు. కెథడ్రల్ గడియారంలో ముల్లు ఆరుకు అతుక్కుపోతోంది. ఎల్బియో ఎక్కడో, ఎవరి మధ్యనో కూర్చుని ఇదే ముల్లును చూస్తుంటాడు. ఆ ఆలోచన రాగానే వాల్డెమార్‌కు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చప్పున వంగి, ఇనుప ఊచ లాక్కుని, బొగ్గులను మొత్తం కెలికి పడేశాడు.

పెరట్లో నలుగురి చేతుల్లో గ్లాసులు ఆగిపోయాయి. ఇంకొకడి పొయ్యిలో ఊచ పెట్టినవాణ్ణి ఆ దేశంలో కన్నతల్లి కూడా వెనకేసుకు రాదు.

"ముట్టుకున్నావా?" నెల్సన్ ఊచ లాక్కున్నాడు. "నా నిప్పు ముట్టుకున్నావా?"

"నువ్వు మాడుస్తుంటే చూడలేక. అయినా అవతలి ఒడ్డున, బ్యూనస్ ఐరిస్‌లో, ఇంతకంటే బాగా కాలుస్తారులే. వీళ్లంతా అనుకునే మాటే ఇది. నీ మొహం మీద నేనన్నాను, అంతే!"

నెల్సన్ అందరి మొహాలూ చూశాడు. ఎవరూ నోరు విప్పలేదు. అదే కొంప ముంచింది, అదే కాపాడింది.

"అంటే అందరూ అనుకునేదేనన్నమాట! ఇన్నేళ్లు మీకోసం పొగ మింగాను కదరా!" జేబులోంచి ఫోన్ లాగాడు. "అయిపోయింది! శుక్రవారమూ లేదు, గ్రూపూ లేదు! ఎవడింట్లో వాడు కాల్చుకుని చావండి!"

రెనాటాకు అప్పుడు వెలిగింది. "సెన్యోర్ నెల్సన్, కోపంలో అలాంటివి చేయకండి..." అంటూ మణికట్టు పట్టుకుంది.

"వదలమ్మా!"

కొవ్వు అంటిన బొటనవేలు తెరమీద జారింది. ఏప్రన్‌కు తుడుచుకున్నాడు. గ్రూపును తొలగించాలా అని అడిగింది ఫోన్. తొలగించు అన్నాడు. ఖాయమేనా అని మళ్లీ అడిగింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు!" అని గుద్దాడు.

కెథడ్రల్ గంట మోగింది. రెనాటా తన ఫోన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. ఇంకోసారి. ఆ ఫైలు చూసేందుకు మీకు అనుమతి లేదు, అంది తెర. పైనుంచి కిటికీలోంచి గ్లాడిస్ పిచ్చిదానిలా చేతులూపుతోంది. ఎల్బియో పేరు ముఠాకు అందలేదు. వాల్డెమార్ ఇసుక బస్తా మీద కూలబడ్డాడు.

ఇద్దరు గార్డులు రెనాటాకు చెరోపక్క నిలబడ్డారు. ఆమె గ్లాసు ఖాళీ చేసి, స్కార్ఫు సర్దుకుంది.

"మూడు నెలల పని. పొయ్యిలో పోసుకున్నాను," అంది.

నెల్సన్‌కు అంతా అరిచి చెప్పారు. విన్నాడు. తర్వాత రొట్టె చీల్చి, అందులో కాల్చిన సాసేజ్ పెట్టి, రెనాటా చేతికిచ్చాడు. "జైల్లో తిండి బాగోదమ్మా. తిని వెళ్లు."

గ్రూపు పోవడంతో కొత్త ప్లాట్‌ఫారంలో తన ఫైలు తనే తెరవలేక ఒక్కొక్కడూ సిస్టమ్స్ గది ముందు వరస కట్టాడు. గ్లాడిస్ వారం పాటు అందరినీ తిట్టుకుంటూ, ఒక్కొక్కరినీ అడిగి, పర్మిషన్లు మళ్లీ మొదటి నుంచి రాసింది.

చలికాలం మొదట్లో ఎల్బియో నావ దిగి ఇంటికొచ్చాడు. చిక్కిపోయాడు, కానీ బతికి వచ్చాడు. అతని కోసం నెల్సన్ మళ్లీ పొయ్యి వెలిగించాడు. మొదటి పక్కటెముక ఎల్బియో పళ్లెంలో వేసి, ఆ పక్కనే పళ్లెం చాపి నిలబడ్డ వాల్డెమార్‌ను కౌగిలించుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఒక మనిషిని బతికించావురా వాల్డో. ఈ జన్మకు మరిచిపోను," అన్నాడు. "కానీ నిప్పు ముట్టుకున్నావు."

అని, అతని పళ్లెంలో సలాడ్ వేశాడు.