కుట్లు విడిన ముఖం

ఎల్సా పరిగెడుతోంది!

బయట ఆంధీ... దుమ్ము తుఫాను. ఢిల్లీ వసంత్ కుంజ్ పట్టపగలే చీకటైపోయింది.

చేతిలో కట్టు సామాను. చెవిలో ఇంకా ఆ ఫోనే... "సిస్టర్, మీ ఆయన కావాలా? డ్రెస్సింగ్‌కి రా. పోలీస్ అన్నావో..."

మూడో అంతస్తు. తలుపు తోస్తుంది.

పద్మనాభం! కిరాయి హంతకుడు. పోలీసులకి దొరక్కుండా పోయిన వారమే కొత్త ముఖం కుట్టించుకున్నాడు. ఇప్పుడా ముఖమే కుళ్ళుతోంది!

ఒక చేతిలో పిస్టల్. రెండో చేతిలో సైమన్ జుట్టు... ఎల్సా మొగుడు. చొక్కా నిండా రక్తం.

"కోసిన డాక్టర్ని పొద్దున్నే పైకి పంపించేశా. పక్కన కత్తెర్లు అందించింది వీడు. కుట్లు ఎవరు పాడుచేశారో చూసి చెప్పు. వీడైతే ఇక్కడే!"

"ఎల్సా, నాకేం తెలీదు..."

"నోర్ముయ్!"

పిస్టల్ పిడి దవడ మీద దిగుతుంది. పన్నొకటి గచ్చు మీద దొర్లుతుంది.

ఎల్సా పద్మనాభం ముఖం మీది కట్టు విప్పుతుంది.

గప్పున వాసన! చెవి వెనక కుట్లు విడిపోయి, చర్మం నల్లబడి, చీము... అందులో ఏదో గరగర.

దూదితో తీసి వాసన చూస్తుంది.

కాఫీ!

"కుట్ల మీద కాఫీపొడి ఎవరు పెట్టారండీ?"

వంటింటి గుమ్మంలో గ్లాసు జారిపడుతుంది. పద్మనాభం తల్లి, తాయారమ్మ.

"నేనేరా నాయనా... నువ్వు మత్తులో ఉన్నావు. రక్తం చెమరుస్తోందని... చిన్నప్పుడు మోకాలు పగిలితే అదే కదా పెట్టేదాన్ని!"

"అమ్మా! డాక్టర్ని చంపేశానే!"

"నన్నడిగి చంపావా?"

ఢిల్లీని గడగడలాడించినవాడు గుడ్లప్పగించి చూస్తాడు. పిస్టల్ దిగుతుంది. వెళ్ళి తల్లిని వాటేసుకుంటాడు.

ఎల్సా సైమన్‌ని లేపుతుంది. "పదండి... మెల్లగా..."

"ఠహరో! ఆగు!"

తల్లి భుజం మీదుగా పిస్టల్ మళ్ళీ లేచింది!

"అమ్మ పెట్టిన కాఫీపొడికి ముఖం కుళ్ళిందని బయటికి పొక్కితే, రేపు నన్ను చూసి ఎవడు భయపడతాడు సిస్టర్? సారీ."

"వద్దురా!"

"కళ్ళు మూసుకో అమ్మా."

ఢామ్!

ఎల్సా కళ్ళు తెరుస్తుంది. సైమన్ ఉన్నాడు. తనూ ఉంది.

పద్మనాభమే... తల్లి చేతుల్లోంచి జారిపోతున్నాడు.

ఆవిడ గుప్పిట్లో, కొడుకు నడుములోంచి లాగిన రెండో పిస్టల్!

"పెట్టింది నేనైతే... వాళ్ళెందుకురా చావడం?"