భూపాలపల్లిలో ఎగ్జిట్ ఇంటర్వ్యూ

“రేపు నువ్వు రాజీనామా చేస్తున్నావ్,” అన్నాడు చీఫ్ వెంకట్రాం.

జనగామలో మూతబడిన పత్తి మిల్లు వెనక గదే వాళ్ల గూఢచారి విభాగం ఆఫీసు. కురవి దగ్గరి తండాలో పుట్టిన ఏజెంట్ అమర్‌సింగ్ కొన్నాళ్లుగా భూపాలపల్లిలో ఒక ప్రైవేటు బొగ్గు గని కంట్రోల్ రూంలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి వేషంలో ఉన్నాడు.

“ఉద్యోగం మానేసేవాణ్ని కంపెనీ కూర్చోబెట్టి అడిగితే, పోతూ పోతూ కడుపులో ఉన్నదంతా కక్కుతాడు. లోలోపల రగిలిపోతున్నవాళ్లెవరో కూడా చెప్పేస్తాడు. ఆ ఎగ్జిట్ ఇంటర్వ్యూ రికార్డింగులు ఒక విదేశీ ముఠాకు చేరుతున్నాయి. కడుపు మండినవాణ్ని వెతికి కొంటున్నారు. ఈసారి వాళ్లు కొన్న మనిషి గని ఫ్యాన్లు ఆపబోతున్నాడు. గాలి ఆగితే గ్యాస్ నిండుతుంది. కింద వందలమంది ఉంటారు.”

“వాడెవడు సార్?”

“హర్షిణికి తెలుసు.”

హర్షిణి డబుల్ ఏజెంట్. ముఠా మనిషిగా నటిస్తూ ఆ ఇంటర్వ్యూలు చేసేది ఆమే. నిరుటి దాకా అమర్‌కు జోడీ. ఇప్పుడు ఇంకో ఏజెంట్ రిత్విక్‌కు జోడీ, అదీ భార్య వేషంలో.

“రిత్విక్‌కే చెప్పొచ్చు గద సార్. ఒక్క ఇంట్లనే ఉంటరు.”

“ఇల్లంతా ముఠా పెట్టిన మైకులు, కెమెరాలు. ఫోన్లూ వింటారు. ఇంట్లోనూ మొగుడూ పెళ్లాల్లాగే ఉండాలి, పాపం.”

ఆ పాపం ఎవరి మీదో అమర్‌కు అర్థం కాలేదు.

“ఇంటర్వ్యూ గదిలోనూ కెమెరా ఉంటుంది. ‘బచ్చన్నపేటల పత్తి ఏరాలె’ అను. తర్వాత ఆమె వేసే మొదటి ప్రశ్నలోనే మనిషి ఉంటాడు.”

ఇంటర్వ్యూ రోజున హర్షిణి లేత నీలం చీరలో కూర్చుంది. మెడలో కొత్త పసుపుతాడు. అమర్ చూపు దాన్ని దాటి రాలేదు.

“ఎందుకు మానేస్తున్నారు?”

“బచ్చన్నపేటల పత్తి ఏరాలె మేడం.”

“మీకు ఇన్‌ఛార్జి పోస్టు వచ్చినప్పుడు ఎవరైనా కుళ్లుకున్నారా?”

అమర్ చెవులు వేడెక్కాయి. తనను ఎగతాళి చేస్తోందనుకున్నాడు.

“కుళ్లుకునేటోళ్లు అంతట ఉంటరు మేడం. కొందరికి మంచి మొగుళ్లు దొరుకుతరు మరి.”

ఆమె పెన్ను ఆగింది. “కంట్రోల్ రూం సంగతి అడుగుతున్న సార్. జర యాది తెచ్చుకోండ్రి. రెండో షిఫ్ట్ గనిల దిగే టైమైంది.”

“నాకేం యాదికి లేదు,” అని విసురుగా లేచి బయటికి వచ్చేశాడు.

సగం మెట్లు దిగాక రెండో షిఫ్ట్ సైరన్ మోగింది. అప్పుడు వెలిగింది అమర్ బుర్ర. ఆమె అడిగింది అతని కుళ్లు గురించి కాదు. ఆ పోస్టు కోసం ఏళ్లుగా ఎదురుచూసి భంగపడ్డ ఆపరేటర్ రమేశ్ గురించి.

పరుగెత్తాడు. కంట్రోల్ రూం తలుపుకు లోపల్నుంచి ఎలక్ట్రానిక్ తాళం పడి ఉంది. వాచీలో దాచిన నకిలీ చిప్ ఆనించి తెరిచాడు. రమేశ్ ఒక్కడే ఉన్నాడు. కంప్యూటర్‌కు ఒక పెన్ డ్రైవ్ వేలాడుతోంది.

“దగ్గరికి రాకు సార్. తెరలు ఐదు నిమిషాలు బందైతయి, గంతే. కంపెనీ ఇజ్జత్ పోతది.”

“తెరలు కాదన్నా. ఫ్యాన్లు బందైతయి. షిఫ్ట్ గనిల దిగింది.”

రమేశ్ ముఖం పాలిపోయింది. “నిన్నగాక మొన్న వచ్చినోనివి. నా కుర్చీల కూసున్నవు. నిన్ను చూస్తుంటే నిద్ర పట్టలే.”

“నాకూ పడ్తలేదన్నా,” అన్నాడు అమర్. పిస్తోలు మీదకు వెళ్లిన చెయ్యి తీసేశాడు. “నా జాగల ఇంకొకడు కూసున్నడు. అయితే మనం మనం కొట్లాడాలె. కింద ఉన్నోళ్లేం చేసిన్రు?”

రమేశ్ క్యాన్సిల్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. “ఆగుతలేదు సార్.”

తెరమీద నిండుతున్న గీత చివరికొచ్చింది. అమర్ బల్ల కిందికి దూకి, ఫ్యాన్లకు ఆదేశాలు పంపే కేబుల్‌ను రెండు చేతులా పెరికాడు. తెరలన్నీ నల్లబడ్డాయి. కిటికీ అవతల ఫ్యాన్ల హోరు మాత్రం తగ్గలేదు. రమేశ్ నేలమీద కూలబడి ఏడ్చాడు.

గనిలో ముఠా పనులు నడిపిన కంపెనీ హెచ్.ఆర్. హెడ్ కమలాదేవి కారెక్కబోతూ గేటు దగ్గర దొరికింది. పట్టుకున్నది రిత్విక్. అదీ అమర్‌కు గుచ్చుకుంది.

హర్షిణి మెట్ల దగ్గర ఎదురైంది. “సైరన్ మోగకపోతే ఏమయ్యేదో ఎరుకేనా నీకు?”

అమర్ తల దించుకున్నాడు. “వాడు వంట చేస్తడా?” అన్నాడు.

“మంచిగ చేస్తడు.”

జేబులో ఫోన్ మోగింది. చీఫ్.

“ఆమె అంత స్పష్టంగా చెప్పాక కూడా ఆలస్యం ఎందుకైంది?”

“సరిగ్గ ఇనపడలే సార్.”

వృత్తిలో భాగంగా అమర్ వేల అబద్ధాలాడాడు. చీఫ్ ఒక్క క్షణం కూడా నమ్మనిది ఇదొక్కటే.